తాళంచెవి ఎవరి దగ్గర?

మూడు వారాలుగా మా ఇంట్లో ఒక పెట్టె గురించి యుద్ధం జరుగుతోంది. పెట్టె ఇంకా ఇంట్లోకి రానేలేదు. రాకముందే ఇంత రభస అయితే వచ్చాక బతకడం ఎలాగమ్మా అని మా పనిమనిషి బెంగపెట్టుకుంది. ఆవిడ బెంగకి కారణం లేకపోలేదు. పెట్టె ఎక్కడ పెట్టాలన్న తగువులో ఆవిడ చీపుళ్ళు పెట్టుకునే మూల ఇప్పటికి రెండుసార్లు చేతులు మారింది.

పెట్టె అంటే ఏ బీరువానో ట్రంకుపెట్టెనో ఊహించుకునేరు. రెండు ఇటుకలు నిలబెట్టినంత ఉంటుంది, అంతే. అందులో రెండో నాలుగో డిస్కులు దూరుస్తారు. ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చే రూటరుకీ దానికీ ఒక తీగ తగిలిస్తారు. ఇక ఇంట్లో ఉన్న ఫోన్లూ, కంప్యూటర్లూ, టీవీ అన్నీ తమ ఫొటోలూ పాటలూ సినిమాలూ అందులో దాచుకోవచ్చు, కావలసినప్పుడు తీసుకోవచ్చు. దీన్ని నెట్‌వర్క్ స్టోరేజ్ అంటారు. ముద్దుపేరు ‘నాస్’. నాశనంలో సగంలా వినపడుతోందండీ అన్నాను. మావారు నవ్వలేదు.

మా ఇంట్లో పక్షాలు మూడు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా మరిది నాలుగు డిస్కులు పట్టేదైతేనే పెట్టె అంటాడు. ప్రాసెసరు గట్టిదుండాలిట, మెమరీ పెంచుకునే వీలుండాలిట, సినిమాని అప్పటికప్పుడు టీవీకి నప్పే రూపంలోకి మార్చి పంపగలగాలిట. మా టీవీ ఆ సినిమాని ఉన్నదున్నట్టే ఆడించగలుగుతుంటే ఇంక మార్చడం దేనికి బాబాయ్ అని మా అబ్బాయి అడిగాడు. అతను వినపడనట్టు ఊరుకున్నాడు. మావారిది పొదుపు పక్షం. రెండు డిస్కులు చాలు, అదీ పండగ తగ్గింపులో కొందాం అని. మా అబ్బాయిది అసలు పెట్టే వద్దనే పక్షం. అన్నీ క్లౌడ్‌లో పడేస్తే పోలా అంటాడు, అదేదో మేడమీద నీళ్ళ ట్యాంకైనట్టు.

నన్నెవరూ అడగలేదు. టీ మాత్రం మూడుసార్లు అడిగారు.

అడగలేదన్న కోపంతో ఇది రాస్తున్నానని మీరనుకుంటే అది సగమే నిజం. నేను బి.ఏ. చదివినదాన్ని, చరిత్రా స్పెషల్ తెలుగూ. ఇరవై ఏళ్ళుగా నవలలు రాసుకుంటున్నాను. డిస్కు లోపల ఏం తిరుగుతుందో నాకు తెలియకపోతే ఒప్పుకుంటాను. కాని ఆ పెట్టెలోకి వెళ్ళబోయే సరుకు ఎవరిదో మీరే చెప్పండి. ఈ ఇంట్లో ఫొటోలు తీయించిందెవరు? బారసాల ఫొటోలో ఎడంచేతివైపు మూడో ఆవిడ మావారి మేనత్త తోడికోడలని ఎవరికి తెలుసు? పిల్లాడి మొదటి మాట రికార్డు చేసి, ఫోను మారినప్పుడల్లా దాన్ని పిల్లి తన పిల్లని తిప్పినట్టు ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి తిప్పిందెవరు? సరుకు ఆడదానిది, గిడ్డంగి నిర్ణయం మొగవాళ్ళది. ఇదెక్కడి న్యాయమండీ?

సరుకు లెక్క కూడా నేనే తీశాను. ఇరవై ఏళ్ళ ఫొటోలు, వీడియోలు, నా రాతప్రతులు, ఇంటి కాగితాల నకళ్ళు, అన్నీ కలిపి ఒక్క టెరాబైటు నిండలేదు. అయితే నాలుగు డిస్కులు దేనికయ్యా అంటే సినిమాలకి! సినిమా పోతే మళ్ళీ దొరుకుతుంది. వేలమంది దగ్గర ఉంటుంది. మా అబ్బాయి తొలిపలుకు ప్రపంచంలో ఇంకెవరి దగ్గరుంది? ఇంటి సామానులో మళ్ళీ దొరికేదీ, దొరకనిదీ అని రెండు రకాలుంటాయని మన అమ్మమ్మలకి తెలుసు. అందుకే బియ్యం డబ్బా వంటింట్లోనూ, దస్తావేజులు పెట్టె అడుగునా ఉండేవి. మా మరిది పథకంలో అన్నీ ఒకే గాటన కట్టేశాడు.

“నాలుగు డిస్కులుంటే ఒకటి పోయినా భయం లేదు వదినా, రెయిడ్ ఉంటుంది” అన్నాడు. ఈ రెయిడ్ అనే బ్రహ్మపదార్థం సంగతేమిటో తెలుసుకుందామని కూచుని చదివాను. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ అనే ముగ్గురు ఒక పత్రం ప్రకటించారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి పెట్టేబదులు చవకరకం చిన్నవి చాలా పెట్టి, ఒకటి పోయినా మిగతావి పని నడిపించేలా అమరిస్తే ఎలా ఉంటుందన్నది వాళ్ళ ఆలోచన. గొప్ప ఆలోచనే. ఒక బ్యాంకులో డిస్కు చచ్చిపోతే కౌంటరు మూయకుండా పని సాగిపోతుంది. అది పని ఆగకుండా చూసే ఏర్పాటు. దాచినది పోకుండా చూసే పూచీ దానికి లేదు.

రెండు డిస్కుల పెట్టెలో ఒకదాన్ని రెండోదానికి అద్దంలా పెడతారు. బాగానే ఉంది. కాని అద్దం ముందు నిలబడి మీరు బొట్టు చెరిపేసుకుంటే అద్దంలో ఆవిడ నుదుట మాత్రం మిగుల్తుందా? పొరపాటున మీరు ఒక ఫొటో చెరిపితే రెండు డిస్కుల్లోనూ ఆ క్షణమే చెరిగిపోతుంది. వైరస్ వచ్చి తాళాలు వేస్తే రెండింటికీ వేస్తుంది. దొంగ వస్తే డిస్కులు లెక్కపెట్టి ఒకటి మనకి వదిలేసి పోడు, పెట్టె పెట్టెంతా పట్టుకుపోతాడు. నాలుగైనా అంతే, ఎనిమిదైనా అంతే. ఈ సంగతి కంప్యూటరు చదివినవాళ్ళకి తెలియదని నేననను. తెలిసీ ‘రెయిడ్ ఉందిగా’ అని ఇంట్లోవాళ్ళకి ధైర్యం చెబుతారే, నా కోపం అక్కడ.

లెక్కల సంగతి కూడా ఒక్క మాట. నాలుగు టెరాబైట్ల డిస్కులు నాలుగు పెడితే, ఒకటి పోయినా తట్టుకునే అమరికలో మనకి మిగిలేది పన్నెండు. రెండు పెట్టి అద్దం చేస్తే మిగిలేది నాలుగే. అదైనా విండోస్ కంప్యూటర్లో చూస్తే మూడు పాయింటు ఆరు అని కనపడుతుంది. అమ్మేవాడు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, కంప్యూటరు వెయ్యిన్నీ ఇరవైనాలుగు చొప్పున లెక్కేస్తుంది. మోసం లేదుట. మా పాలవాడు కూడా లేదనే అంటాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఇది నేను చెప్పుకోవాలనుకోని సంగతి. కాని ఇది చెప్పకుండా నా వాదం మీకు అర్థం కాదు.

విజయవాడ సింగ్‌నగర్‌లో మా బాబాయి ఉండేవాడు. కరెంటు ఆఫీసులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. జాగ్రత్త మనిషి. ఇంటికి తాళం వేసి వీధి చివరిదాకా నడిచి, అనుమానం వచ్చి వెనక్కొచ్చి, తాళంకప్పని మళ్ళీ ఒకసారి లాగి చూసుకునే రకం. 1987లో మా మేనత్త పెళ్ళినాటికి ఆయన దగ్గర కొత్త టేప్‌రికార్డరు ఉండేది. పెళ్ళి ముందురోజు వంటింట్లో మా అమ్మచేత అప్పగింతల పాట పాడించి రికార్డు చేశాడు. నాకప్పుడు ఆరేళ్ళు. పాట మధ్యలో కుక్కరు కూత వేస్తుంది. అమ్మ పాట ఆపి “ఎవరైనా ఆ స్టవ్వు ఆర్పండర్రా” అని, మళ్ళీ ఎక్కడ వదిలిందో సరిగ్గా అక్కడే అందుకుంటుంది. ఆ కేసెట్టు మా ఇళ్ళన్నింట్లోనూ తిరిగింది. 2003లో అమ్మ పోయాక అది మళ్ళీ బాబాయి దగ్గరికి చేరింది. అలాంటివి ఆయన దగ్గర నలభై దాకా ఉండేవి.

రిటైరయ్యాక ఆయన ఒక్కొక్క కేసెట్టునే కంప్యూటర్లోకి ఎక్కించాడు. రెండు డిస్కుల పెట్టె కొన్నాడు. అందులో అద్దం పెట్టాడు. ఊరంతా దొంగలే అని ఆయన నమ్మకం కాబట్టి పాటలున్న ఫోల్డరుకి ఎన్‌క్రిప్షన్ అనే తాళం కూడా వేశాడు. పెట్టెని అల్మైరా పైన, ఎవరి చెయ్యీ తగలనిచోట పెట్టాడు. పండక్కి మేం వెళితే టీవీలో అమ్మ పాట పెట్టేవాడు. కుక్కరు కూత రాగానే అందరం ఒక్కసారి “ఆర్పండర్రా” అని అరిచేవాళ్ళం.

2022లో, ఒక తెల్లవారుజామున, గుండెనొప్పని లేచి కూచుని, అంబులెన్సు వచ్చేలోపల బాబాయి పోయాడు.

ఆ పదిహేను రోజుల్లోనే ఒకనాడు కరెంటు పోయి చాలాసేపటికి వచ్చింది. పెట్టె దానంతటదే మళ్ళీ లేచింది. కాని ఆ తాళం వేసిన ఫోల్డరు ఉంది చూశారూ, పెట్టె ఒకసారి ఆగి లేచిందంటే అది మూసుకుపోతుంది. ఎవరైనా మళ్ళీ సంకేతపదం చెబితేగాని తెరుచుకోదు. ఆ మాట తెలిసిన ఒక్క మనిషీ ఫొటోలో దండ వేసుకుని ఉన్నాడు.

మేం కంగారుపడ్డామా అంటే, లేదు. కేసెట్లున్నాయిగా! మంచం కింద ట్రంకుపెట్టెలో భద్రంగా ఉన్నాయిగా! డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఈసారి వచ్చినప్పుడు తీరుబడిగా చూస్తానన్నాడు. బాబాయి కంప్యూటరు కూడా బల్లకింద అలాగే ఉంది. ఆ తాళానికి మారుచెవి అందులో ఎక్కడో ఉండే ఉంటుందని తర్వాత తెలిసింది. అప్పుడు తెలీదు, వెతకనూలేదు. పిన్ని మాత్రం పెట్టెని ఆర్పనిచ్చేది కాదు. రాత్రిళ్ళు అల్మైరా మీద ఆ పచ్చదీపం మినుకుమినుకుమంటుంటే ఆయన లోపలెక్కడో ఏదో పని చేసుకుంటున్నట్టుంటుందే అనేది.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన సంగతి మీకు తెలిసిందే. పిన్నిని పైవాటా వాళ్ళు పైకి తీసుకుపోయారు. మూడోనాడు పడవలో బయటపడింది. నీళ్ళు తీశాక మేం వెళ్ళేసరికి మంచం కింద ట్రంకుపెట్టె నిండా బురద. కేసెట్లు ఒక్కటొక్కటీ కడిగి ఎండలో పెట్టాం. బల్లకింద కంప్యూటరు సంగతి చెప్పనక్కర్లేదు. అల్మైరా మీద పెట్టె మాత్రం చుక్క తడవలేదు.

రిపేరు చేసే కుర్రాడొకడు వచ్చి పెట్టె వెనక చిన్న బెజ్జంలో సూది గుచ్చి కాసేపు నొక్కాడు. అలా చేస్తే యజమాని పాస్‌వర్డు చెరిగిపోయి కొత్తది పెట్టుకోవచ్చు. పెట్టె తెరుచుకుంది. తెరమీద ఫోల్డర్ల పేర్లు కనిపించాయి. వాటిలో ఒకటి, పక్కన చిన్న తాళంకప్ప బొమ్మతో: ‘వదిన పాటలు’.

దాన్ని మాత్రం సూది తెరవలేదు. ఎవరూ తెరవలేరు, తాళం వేసిందే అందుకు అన్నాడు ఆ కుర్రాడు. అతని తప్పేం లేదు. పెట్టె తప్పు కూడా లేదు, అది చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది. దొంగలూ రాలేదు, డిస్కులూ పోలేదు. అమ్మ పాట అక్కడే ఉంది. ఆ పచ్చదీపం వెనకాల.

ఇప్పుడు చెప్పండి, నేను నోరు మూసుకుని టీ పెట్టనా?

పెట్టెలో ఎన్ని డిస్కులు పడతాయని చూస్తారెందుకండీ? అమర్చిన మనిషి ఇంట్లో లేనినాడు మిగిలినవాళ్ళు దాన్ని తెరవగలరా అని చూడండి. దుకాణాల్లో అట్టపెట్టెల మీద వేగం రాస్తారు, మెమరీ రాస్తారు, ఎన్ని సినిమాలు పడతాయో రాస్తారు. ఇంటావిడ తెరవగలదా అన్నది ఎక్కడైనా రాశారా? క్లౌడ్ వాళ్ళే నయం. గూగుల్ వాడు 2013లోనే, నేను ఇన్నాళ్ళు కనపడకపోతే నా ఖాతా సంగతి ఫలానావాళ్ళకి చెప్పండని ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు చేశాడు. ఆపిల్ వాడు 2021లో వారసుల పేరు రాసుకునే వీలు పెట్టాడు. మనిషన్నాక పోతాడన్న సంగతి వాళ్ళకైనా తట్టింది.

అంతమాత్రాన మా అబ్బాయి పక్షంలో చేరిపోయాననుకునేరు. క్లౌడ్ అద్దె ఇల్లు. గూగుల్ ఫొటోస్‌లో ఎన్నంటే అన్ని ఉచితంగా పెట్టుకోవచ్చన్నారు. 2021 జూన్ 1 నుంచి ఆ మాట మారింది. పదిహేను జీబీ దాటితే డబ్బు కట్టాలి. రెండేళ్ళు వాడకుండా వదిలేసిన ఖాతాల్ని చెరిపేస్తామని కూడా నియమం పెట్టి 2023 డిసెంబరు నుంచి అమల్లోకి తెచ్చారు. అద్దె ఇంట్లో ఉండడం తప్పని ఎవరన్నారు? పెళ్ళినాటి పట్టుచీరలన్నీ అక్కడే పెట్టి, ఓనరు మంచివాడులే అనుకోవడం తప్పు.

ఇంకో సరదా ఉంది మొగవాళ్ళకి. ఆఫీసులో కూచుని ఇంట్లో పెట్టె తెరవాలి, రైల్లో కూచుని ఇంట్లో సినిమా చూడాలి. దానికోసం పెట్టెకి వీధివైపు తలుపు పెడతారు. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ళ పాత ‘మై బుక్ లైవ్’ పెట్టెలు ఇంటర్నెట్‌కి తగిలించి ఉన్నవి ఎన్నో రాత్రికి రాత్రి ఖాళీ అయిపోయాయి. 2015 తర్వాత కంపెనీ వాటి సాఫ్ట్‌వేరుని పట్టించుకోవడం మానేసింది, వాడేవాళ్ళు వాడుతూనే ఉన్నారు. 2022 జనవరిలో క్యూనాప్ పెట్టెల మీద ‘డెడ్‌బోల్ట్’ అనే దాడి జరిగింది. ఫైళ్ళకి తాళాలు వేసి 0.03 బిట్‌కాయిన్ ఇస్తే తెరుస్తామన్నారు. ఇంట్లోవాళ్ళు తెరవలేని పెట్టెని ఊళ్ళోవాళ్ళు తెరవగలగడం! వీధి తలుపు వద్దన్నాను. ఆఫీసులో పని చేసుకోమన్నాను.

మా మరిదిని అన్నిట్లోనూ తప్పు పట్టడం కూడా న్యాయం కాదు. డిస్కుల రకం గురించి అతను చెప్పింది నిజం. కొన్ని డిస్కుల్లో రాత వరసలు పెంకుటింటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే పక్కవి కూడా కదపాలి. అలాంటివి ఈ పెట్టెల్లో వేస్తే, పోయిన డిస్కు స్థానంలో కొత్తది నింపేటప్పుడు నత్తనడక నడుస్తాయి. 2020లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ళు ఈ పెట్టెలకోసమనే అమ్మే రెడ్ డిస్కుల్లో కొన్ని ఈ రకానివని చెప్పకుండా అమ్మారని పెద్ద గొడవైంది. కాబట్టి అడిగి కొనాలి. కరెంటు ఠక్కున పోతే పెట్టెకి మంచిది కాదు, దానికో చిన్న యూపీఎస్ ఉండాలన్నాడు. అదీ ఒప్పుకున్నాను. పెట్టె వేరు, యూపీఎస్ వేరు, తీగలు వేరు అంటూ ఖర్చు పెరుగుతుంటే మావారి మొహం చూడాలి.

ఒప్పుకోనిది తాళం దగ్గర. “ఎన్‌క్రిప్షన్ లేకపోతే ఎలా వదినా, దొంగ డిస్కు ఎత్తుకుపోతే మన ఫొటోలన్నీ చూస్తాడు కదా?” అన్నాడు. చూడనీ. మా అమ్మ పాట దొంగ వింటే విననీ, పుణ్యం వస్తుంది. బ్యాంకు కాగితాలూ ఆధార్లూ ఉన్న ఫోల్డరుకి తాళం వెయ్యండి, వద్దనను. కాని ఆ తాళంచెవి కాగితం మీద, తెలుగులో, పెద్దక్షరాలతో రాసి బీరువాలో నగల పెట్టె కింద పెట్టండి. “పాస్‌వర్డు కాగితం మీదా?” అని మా మరిది గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. నగలు అక్కడుంటే పరవాలేదుగాని పాస్‌వర్డుకి మాత్రం అది చాలని చోటా?

మా చరిత్ర మేష్టారు తాళ్ళపాకవారి రాగిరేకుల కథ చెప్పేవారు. అన్నమయ్య పాటలు తాటాకు మీదుంటే చెదలు తింటాయని ఆయన కొడుకు పెదతిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించాడు. తిరుమల గుళ్ళో రాతి అరలో దాచారు. రాగికి చెదలు పట్టవు, రాతికి నిప్పంటుకోదు. ఇంతకంటే గట్టి పెట్టె ఇప్పటికీ ఎవడూ చేయలేదు. ఏమైంది? వందల ఏళ్ళు జనం వాటి సంగతే మరిచిపోయారు. పోయిన శతాబ్దం మొదటి భాగంలో పండితులు వాటిని బయటికి తీసి అచ్చు వేయించేటప్పటికి రేకుమీద పాట ఉంది, రాగం పేరు ఉంది, పాడే బాణీ మాత్రం లేదు. అది మనుషుల నోట్లో ఉండేది, వాళ్ళతోనే పోయింది. మా అమ్మ అప్పగింతల పాట మాటలు మా అక్క నోటుబుక్కులో ఉన్నాయి. ఆ రెండో చరణం ఎలా ఎత్తుకునేదో అక్కకీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. ఇద్దరం పాడితే రెండు పాటలవుతున్నాయి.

చివరికి మా ఇంట్లో రాజీ ఎలా కుదిరిందంటే, రెండు డిస్కుల పెట్టె, మావారి మాట చెల్లింది. మంచి రకం డిస్కులు, యూపీఎస్, మరిది మాట చెల్లింది. ఫొటోలకి మాత్రం తాళం లేదు, ఫోల్డర్లు ‘2009 అబ్బాయి బారసాల’ అని మనిషికి అర్థమయ్యే పేర్లతో ఉంటాయి, పెట్టె కంపెనీవాడి ప్రత్యేకమైన ఆల్బములో ఇరికించడం లేదు, నా మాట చెల్లింది. నిన్నటి రూపం, పోయిన వారం రూపం గుర్తుపెట్టుకునే సదుపాయం ఒకటి కొన్ని పెట్టెల్లో ఉంటుంది, పొరపాటున చెరిపితే వెనక్కి తెచ్చుకోవచ్చు. అది ఉన్నదే కొనాలన్నాను. అదిలేని నాలుగు డిస్కుల పెట్టెకంటే అదున్న రెండు డిస్కులదే మేలు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది పెట్టెలో లేదు. అగ్గిపెట్టెకి అన్నలాంటి యూఎస్‌బీ డిస్కులు రెండు కొని, ఇంటి సరుకంతా వాటిలోకి ఇంకో నకలు తీస్తాం. ఒకటి మా ఇంట్లో, ఒకటి రాజమండ్రిలో మా అక్క ఇంట్లో. సంక్రాంతికీ దసరాకీ ఎలాగూ రాకపోకలుంటాయి. అరిసెల డబ్బాతోపాటు డిస్కు మారుతుంది. ఏ కంప్యూటరుకి తగిలించినా తెరుచుకునేలా ఉండాలి, పెట్టెకి మాత్రమే అర్థమయ్యే భాషలో రాయకూడదు. మూడు నకళ్ళు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి ఇంటి బయట అని పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫరు చెప్పిన సూత్రం ఇప్పుడు కంప్యూటరువాళ్ళందరి నోటా ఉంది. మా మరిదికి కూడా తెలుసుట! తెలిసి ఇన్నాళ్ళూ చెప్పలేదేమయ్యా అంటే, అందులో కొనాల్సిన పెద్ద వస్తువేమీ లేదు కదా వదినా అన్నాడు. పాపం, నిజం చెప్పాడు.

పరీక్ష కూడా పెట్టాను. పెట్టె వచ్చిన రెండోవారం మావారూ, మరిదీ, అబ్బాయీ ముగ్గురూ సినిమాకి పోవాలి, ఫోన్లు కట్టేసుకోవాలి. డెబ్భై ఏళ్ళ మా పిన్ని బీరువాలో కాగితం తీసి, చదువుకుని, మా పెళ్ళి ఫొటో ఒకటి టీవీ మీదికి తేవాలి. తేలేకపోతే పెట్టె వెనక్కి. పది రోజుల్లో వెనక్కిచ్చే షరతు మీదే కొంటున్నాం కాబట్టి రెండోవారం కాస్తా మొదటివారమైంది.

పిన్ని ఇప్పుడు మా దగ్గరే గుంటూరులో ఉంటోంది. బాబాయి పెట్టె కూడా ఆవిడతోనే వచ్చింది. ఆవిడ మంచం పక్కన స్టూలు మీద ఉంది, పచ్చదీపం వెలుగుతూనే ఉంది. ఆవిడ దగ్గరొక నోటుబుక్కుంది. బాబాయి ఏ మాట పెట్టి ఉంటాడా అని తట్టినప్పుడల్లా రాసుకుంటుంది, ఆదివారాలు మా అబ్బాయి పక్కన కూచుని ఒక్కొక్కటే కొట్టి చూస్తాడు. పుట్టినరోజులు, పెళ్ళిరోజు, ఇంటి నెంబరు, మొదటి ఉద్యోగం చేసిన ఊరు, చిన్నప్పుడు చచ్చిపోయిన ఆయన చెల్లెలి పేరు. డెబ్భైమూడు అయ్యాయి. ఒక్కొక్కటి కొట్టేశాక పిన్ని పెన్నుతో అడ్డగీత గీస్తుంది.

నిన్న రాత్రి అన్నం తింటూ తినడం ఆపి, “ఏమే, మీ బాబాయి మొదటి స్కూటరు ఎర్రది, దాని నెంబరు నీకేమైనా గుర్తుందా?” అంది. నాకు గుర్తులేదు. అక్కకి ఫోను చేశాను. ఆ స్కూటరు మీద ముందు నిలబడి తీయించుకున్న ఫొటో ఒకటి తన దగ్గరుందిట, నెంబరు పలక కనపడుతుందో లేదో పొద్దున్నే అటక దింపి చూసి చెబుతానంది.